కళ్ళు మూసుకున్నంతసేపు

మా సంఘంలో నాకు మైకు అని పేరు. నేను ప్రార్థన మొదలుపెడితే వీధి చివర వాళ్ళు కూడా ఆమెన్ అనేవాళ్ళు. ముగించేలోపు పిల్లలు నిద్రపోయేవారు, వంట చేసిన ఆడవాళ్ళు గిన్నెల మీద మూతలు సరిచేసుకునేవారు. అదంతా నా భక్తికి దక్కుతున్న మర్యాద అనుకునేవాణ్ణి. ఇరవై మూడేళ్ళకే పరదేశ సేవకు పిలుపు వచ్చిందంటే ఆ గొంతు చూసే వచ్చిందని నా నమ్మకం. విమానం దిగిన రోజే ఆ గొంతు జారి కడుపులోకి పోయింది.

మొదట్లో పట్టుకున్నవి పెద్ద భయాలేమీ కావు. రోడ్డు దాటాలంటే భయం, బళ్ళు నేను చూసే వైపు నుంచి కాక రెండో వైపు నుంచి వచ్చేవి. మెట్ల మీద ఎవరైనా ఎదురై పలకరిస్తే భయం. స్నానాల గదిలో ఏ కొళాయి తిప్పితే వేడినీళ్ళు వస్తాయో తెలియక రెండు రోజులు చన్నీళ్ళే పోసుకున్నాను, అడగడానికి భయం. వాళ్ళ భాషలో బండెడు మాటలు బట్టీపట్టి వచ్చాను. అన్నీ దేవుడు, పాపం, క్షమాపణ, రక్షణ. కొళాయి అన్నమాట ఆ పుస్తకంలో లేదు.

నన్ను పంపిన చోట ఒక అక్క ఉంది. తెలుగు మనిషే, పదకొండేళ్ళుగా అక్కడే సేవ చేస్తోంది. సేవ అంటే నేను ఊహించుకున్న సభలూ మైదానాలూ కావు. రెండు గదులు, ఒక వంటిల్లు. ఉద్యోగాలకు వెళ్ళే కొడుకులూ కూతుళ్ళూ పొద్దున్నే ముసలివాళ్ళను తెచ్చి దించిపోతారు, సాయంత్రం నాలుగింటికి వచ్చి తీసుకెళ్తారు. మధ్యలో వాళ్ళకు సూపు తాగించడం, గోళ్ళు తీయడం, చెప్పిందే పదిసార్లు చెబితే పదిసార్లూ వినడం. "ఇదేనా అక్కా పరిచర్య?" అని రెండోరోజు నోరుజారాను. "నీకేమన్నా స్టేజీ వేస్తారనుకున్నావా?" అని నవ్వి, నా చేతికి దువ్వెన ఇచ్చింది.

ఆ దువ్వెన ఒక పెద్దావిడ కోసం. ఎనభై దాటిన మనిషి, పిట్టంత ఉంటుంది. ఒకప్పుడు కుట్టుపని చేసేదట. ఇప్పుడు తన పేరు ఆమెకు ఒక పూట గుర్తుంటే ఒక పూట ఉండదు. ఎక్కడికో బయల్దేరుతున్నట్టు ఎప్పుడూ కుర్చీ అంచునే కూర్చుంటుంది. కూతురు ఆస్పత్రి బట్టలు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. తల్లిని మా గుమ్మంలో దించి వెళ్తూ ఆ కూతురు మూడుసార్లు వెనక్కి తిరిగి చూసేది.

మూడోరోజు మధ్యాహ్నం అక్క మిగతా నలుగురినీ వ్యానులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పెద్దావిడకు వ్యాను అంటే బెదురు. అందుకని నన్నూ ఆమెనూ ఇంట్లో ఉంచింది.

"రెండు గంటల్లో వచ్చేస్తాను. ఏం చేసినా చెయ్యకపోయినా, ఆవిడ మీద నుంచి చూపు తియ్యకు. ఇదివరకు రెండుసార్లు వెళ్ళిపోయింది. ఈ వీధి చివర రైలు పట్టాలున్నాయి."

"చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెబుతారేంటక్కా," అన్నాను.

వ్యాను మలుపు తిరిగిందో లేదో భయం పట్టుకుంది. పెద్దావిడ నన్ను ఏదో అడుగుతోంది, నాకు అర్థం కావడం లేదు. అడిగిందే మళ్ళీ అడుగుతోంది, గొంతు పెంచుతోంది. తల ఊపాను, మంచినీళ్ళిచ్చాను, దువ్వెన తెచ్చాను. ఏదీ కాదు. ఇక నాకు చేతనైన పని ఒకటే మిగిలింది. ఆమె ముందు మోకరించి, కళ్ళు మూసుకుని, ప్రార్థన అందుకున్నాను.

మా ఇంట్లో కళ్ళు తెరిచి ప్రార్థన చేయడం దొంగతనంతో సమానం. చిన్నప్పుడు ఒక కన్ను కాస్త తెరిస్తే చాలు, పెద్దమ్మ తొడపాశం పెట్టేది. తను కళ్ళు తెరవకుండా నేను తెరిచిన సంగతి ఎలా కనిపెట్టేదో అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఆ అలవాటు ఎముకల్లోకి పోయింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. మూడు రోజుల తరవాత గొంతు మళ్ళీ దొరికింది. ఆ దేశం కోసం ప్రార్థించాను, దాని పాలకుల కోసం, మా సంఘం కోసం, పెద్దమ్మ మోకాళ్ళ కోసం. పెద్దావిడ అడగడం ఆపేసింది కూడా. ప్రార్థన పనిచేస్తోందనుకుని ఇంకాస్త పొడిగించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, పొడిగించింది దేవుడి కోసం కాదు, నా గొంతు నాకే వినసొంపుగా ఉండి.

ఆమెన్ అని కళ్ళు తెరిస్తే ఎదురుగా కుర్చీ ఒక్కటే ఉంది.

వంటింట్లో లేదు. స్నానాల గదిలో లేదు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె కోటు కొక్కేనికే వేలాడుతోంది. అక్కకు రెండుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. ఆ ఇంటి వైఫై దాటితే నా ఫోను ఒట్టి గడియారం. అందులో రెండున్నర అయింది. నాలుగింటికి కూతురు వస్తుంది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. నేను వెంటనే పరుగెత్తలేదు. గుమ్మంలో నిలబడిపోయాను. నా కాగితాలన్నీ అక్క బీరువాలో ఉన్నాయి, పోలీసు ఆపితే ఏం చెప్పాలి? దారి తప్పితే ఎవరిని అడగాలి? ఈ సంగతి తెలిస్తే మా పాస్టరుగారికి ముఖం ఎలా చూపించాలి? పిట్టంత ముసలిమనిషి కోటు లేకుండా పట్టాల వైపు వెళ్తుంటే నేను నా పరువు చూసుకుంటున్నాను. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

చివరికి ఆమె కోటు చంకలో పెట్టుకుని వీధిలో పడ్డాను. మూల మీద కూరగాయల కొట్టు. కొట్టాయన బుట్టలో బంగాళాదుంపలు పోస్తున్నాడు. పెద్దావిడ అనే మాట నాకు రాదు, చూశారా అనే మాట రాదు. రక్షణ అనే మాట వచ్చు, దాన్నేం చేసుకోను. నడుం వంచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నాలుగు అడుగులు నడిచి చూపించాను. ఆయన జాలిగా చూసి ఎదుటి మందుల షాపు చూపించాడు. నడుం నొప్పి అనుకున్నాడు పాపం. ఇంకెప్పుడైనా అయితే నవ్వొచ్చేది. కోటు విప్పి పట్టుకుని, ఆమె ఎంత ఎత్తు ఉంటుందో చేత్తో చూపిస్తే అప్పుడు ఆయన ముఖం మారింది. వీధి చివరకు వేలు చూపించాడు.

రైలు గేటు పడి ఉంది. గంట మోగుతోంది. ఇంటి చెప్పులతో, గేటు కడ్డీ పట్టుకుని ఆమె నిలబడి ఉంది.

అరుచుకుంటూ పరుగెత్తాను. ఆమె తిరిగి చూసింది. ఏం చూసి ఉంటుందో తరవాత చాలాసార్లు అనుకున్నాను. ముక్కూమొహం తెలియని పరాయి మనిషి, తెలియని భాషలో కేకలు వేస్తూ మీదికి వస్తున్నాడు. మూడు రోజులుగా అద్దంలో నేను చూస్తున్న భయమే ఆమె ముఖంలో కనిపించింది. నా నుంచి తప్పించుకోవడానికి తల వంచి కడ్డీ కింద దూరబోయింది.

ఆగిపోయాను. ఇంకొక్క అడుగు వేస్తే ఆమెను పట్టాల మీదికి తోసింది నేనే అవుతాను. ముందుకు వెళ్ళలేను, వెనక్కి వెళ్ళలేను. రోడ్డు మీదే చతికిలబడ్డాను. ప్రార్థన చేద్దామంటే తండ్రీ అన్నమాట తప్ప ఇంకేమీ రాలేదు, కళ్ళు మూసుకునే ధైర్యం అసలే రాలేదు. ఆమెనే చూస్తూ వెక్కివెక్కి ఏడ్చాను. రైలు కూత దగ్గరవుతోంది.

ఆమె కడ్డీ వదిలింది. నా వైపు నడిచి వచ్చింది. వెనక నేలను వణికిస్తూ రైలు వెళ్ళిపోయింది, ఆమె అటు చూడనేలేదు. తన చొక్కా చేతి అంచుతో నా ముఖం తుడిచింది. ఏవేవో అడిగింది. అన్నిటికీ తల ఊపాను. కోటు కప్పితే కప్పించుకుంది. నా మణికట్టు పట్టుకుని లేపి, నడిపించుకుంటూ బయల్దేరింది. దారిలో కనిపించిన ప్రతి ఒక్కరినీ ఆపి, నన్ను చూపించి, ఏదో అడుగుతోంది. వాళ్ళు నన్ను చూసి అయ్యో పాపం అన్నట్టు ముఖం పెడుతున్నారు. కూరగాయల కొట్టాయన ఆమెను గుర్తుపట్టి మా ఇంటి దాకా తోడొచ్చాడు.

గుమ్మంలో అక్క, పక్కన కూతురు. నాలుగు కావస్తోంది. మిగతా ముసలివాళ్ళ కోసం కూడా వాళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. ఇద్దరి ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. కూతురు పరుగున వచ్చి తల్లిని ఒళ్ళంతా తడిమింది. పెద్దావిడ నా మణికట్టు వదలకుండానే ఏదో చెప్పింది. అక్క ముఖం తేటపడింది.

"నువ్వు దారి తప్పి ఏడుస్తుంటే తనే తీసుకొచ్చానంటోంది. షికారుకు తీసుకెళ్ళావా? చెప్పి వెళ్ళొచ్చుగా."

ఊఁ అంటే చాలు, గండం గడిచిపోయేది. కూతురు నా వైపు తిరిగి కృతజ్ఞతగా తల వంచింది. ఆ వంగిన తల చూశాక ఊఁ అనడం నా వల్ల కాలేదు.

"షికారు కాదక్కా. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే వెళ్ళిపోయింది. రైలు గేటు దగ్గర దొరికింది. నన్ను చూసి భయపడి కడ్డీ కింద దూరబోయింది. ఆ మాట వాళ్ళమ్మాయికి చెప్పండి."

"నిన్ను వెనక్కి పంపెయ్యమంటుంది," అంది అక్క మెల్లగా.

"చెప్పండక్కా."

అక్క చెప్పింది. కూతురు అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గోడకు ఆనుకుని, సబ్బునీళ్ళకు పగిలిన చేతులతో ముఖం కప్పుకుంది. కాసేపటికి ఏదో అంది. రేపటి నుంచి అమ్మను తీసుకురాదట. అది నాకు చెప్పేటప్పుడు అక్క నా కళ్ళలోకి చూడలేదు.

వెళ్దామని కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. పెద్దావిడ కదలలేదు. నా మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకుని ఒక మాట అంది. కూతురు బతిమాలింది. ఆమె అదే మాట మళ్ళీ అంది.

"ఏమంటోందక్కా?"

"అందరి కోసం ఎవరో ఒకరు వస్తున్నారు కదా, ఈ పిల్లాడి కోసం ఎవరొస్తారంటోంది. నిన్ను మీవాళ్ళకి అప్పజెప్పి గానీ వెళ్ళదట."

మూడు రోజులుగా నన్ను తింటున్న భయం అదేనని ఆమె అడిగేదాకా నాకు తెలియదు.

అక్క వంటింట్లోకి వెళ్ళింది. పెరటి తలుపు తీసిన చప్పుడైంది. కాసేపటికి వీధి గుమ్మం గంట మోగింది. వెళ్ళి తలుపు తీసింది కూతురే. అక్క కోటు వేసుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని, ఎక్కడి నుంచో వచ్చిన మనిషిలా గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూపించి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. మా తమ్ముడి కోసం వచ్చాను అని దాని అర్థం.

పెద్దావిడ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. ఆ తరవాత వేలు ఆడిస్తూ, ఊపిరి తిప్పుకోకుండా అందుకుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అవి చీవాట్లని ఎవరికైనా తెలుస్తుంది. ఇంత బెదురుగొడ్డు పిల్లాణ్ణి ఒంటరిగా వదిలి వెళ్ళడానికి నీకు మనసెలా ఒప్పిందని అడిగిందట. తను మమ్మల్ని అడగాల్సిన మాటను తల్లి అడుగుతుంటే, కూతురు తలుపు పట్టుకుని వింటోంది. అక్క తల దించుకుని అన్నీ పడింది. తప్పు నాదేనమ్మా అందట చివరికి.

అప్పుడు పెద్దావిడ నా మణికట్టు తీసి అక్క చేతిలో పెట్టింది. అక్క వేళ్ళు తనే ఒక్కొక్కటీ మూసి, పట్టు గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసింది. అది చూసుకున్నాకే కూతురితో బయల్దేరింది.