ఆవు పేరు చెప్పని పాట

గ్యారేజీ షట్టరు సగం దాకా లేచి ఆగిపోయింది. అది ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. కౌసల్య అలవాటుగా భుజం ఆనించి పైకి తోసింది. ఇవాళ చంకలో మనవరాలు అనన్య కూడా ఉంది గనక కాస్త వంకరగా తోసింది. లోపల పాత తివాచీ, కాఫీ పొడి, పెట్రోలు కలిసిన వాసన. పాపను దింపే ముందు దాని చేతికి అందేవన్నీ పైకెత్తింది. తెగిన గిటారు తీగలు, హీటరు వైరు, గిటారు మీటే ప్లాస్టిక్ బిళ్ళలు. ఆ బిళ్ళలు సరిగ్గా పసిగొంతులో ఇరుక్కునే సైజు. సోఫా కింద ఇంకొకటి ఉందేమోనని మోకాళ్ళ మీద వంగి చూసింది. ఉంది.

పొద్దున్నే కూతురు చైత్ర ఫోన్ చేసింది.

"అమ్మా, చైల్డ్‌కేర్‌లో ఎవరికో హ్యాండ్ ఫుట్ మౌత్ ఇన్ఫెక్షన్ అంట. నాకు ప్రెజెంటేషన్ ఉంది. నీ మ్యూజిక్ థింగ్ ఈ ఒక్క రోజుకి స్కిప్ చెయ్యవా?"

"చెయ్యను. పిల్లని తెచ్చి దింపు."

"ఆ గ్యారేజ్‌లోకా? ఆల్ దట్ డస్ట్, అమ్మా."

"నువ్వు నేను పనిచేసిన క్యాంటీన్ గచ్చు మీద పాకావు. తెచ్చి దింపు."

ఇవాళ మానడానికి లేదు. నగర శివారు క్రెయిగీబర్న్‌లోని ఈ ఇల్లు అమ్ముడైపోయింది. ఇంటి యజమాని డెస్‌ను శనివారం వృద్ధాశ్రమానికి మారుస్తున్నారు. అతనూ కౌసల్యా కలిసి రాస్తున్న పాటకి ఆఖరి లైను ఇంకా రాలేదు. రేపు సిడ్నీలో ఒకమ్మాయి ఆ పాట రికార్డు చెయ్యాలి.

వాళ్ళిద్దరికీ ఒక పంతం ఉంది. ఈ గదిలో మొదలైన పాట ఈ గదిలోనే పూర్తి కావాలి. సగం పాటని ఇంటికి పట్టుకెళ్ళి ఒక్కళ్ళే ముగిస్తే అది పాట కింద లెక్క కాదు, అక్కడితో వదిలేస్తారు. దీనికి తోడు ఈ కంట్రీ పాటలు, అంటే గిటారు మీద పాడే పల్లెబతుకు పాటలు, రాసేవాళ్ళందరిలో ఉన్న ఆచారం ఇంకొకటి. పాట పూర్తయ్యే వేళకి గదిలో ఎవరుంటే వాళ్ళందరి పేరూ పాట మీద పడుతుంది, ఒక్క మాట కలిపినా కలపకపోయినా. ట్యూబులైటు బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పేరు కూడా వాళ్ళ పాట ఒకదాని మీద ఉంది.

వంటింటి వైపు తలుపు తీసుకుని డెస్ వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, వెన్ను ముందుకు వంగిపోయి ఉంటాడు. ముక్కు మీద ఎండకి పేలిన మచ్చలు, చెవిలో వినికిడి మిషను. చేతుల మీద చర్మం తడిసి ఆరిన కాగితంలా ఉంది. కుర్చీ చెయ్యి పట్టుకుని, ఆగి, కూర్చున్నాడు. ఆ ఆగడం ఈ మధ్యనే మొదలైంది.

"కొత్త రైటర్‌ని తెచ్చావా, కౌస్? ఆవిడ పేరూ రాయాలా?"

"నీకంటే నయం. నిద్రపోదు."

"పాలు తాగేవాళ్ళకి మినహాయింపు," అంటూ గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు.

డెస్ ఒకప్పుడు బ్రెడ్డు వ్యాను తోలేవాడు. రేపల్లె నుంచి వచ్చిన కౌసల్య ఆసుపత్రి క్యాంటీన్లో ట్రేలు కడిగేది. ఒకరోజు అతను బ్రెడ్డు దించుతూ ఏదో పాట గొణుక్కుంటున్నాడు. మొగుడు వెళ్ళిపోయాక ఒకావిడ తలుపు వేసేసిందని అందులో ఉంది. కౌసల్య తనకొచ్చిన ఇంగ్లీషులో, వెయ్యదు, గడియ పెట్టకుండా దగ్గరగా లాగి ఉంచుతుంది, అంది. డెస్ ట్రేల మీదే కూలబడ్డాడు. "ఇంకోసారి చెప్పు," అన్నాడు. అలా మొదలైంది. క్యాంటీన్ మానేశాక అదే ఆమె ఉద్యోగం. ఆమె రాసిన పాటలు లారీల్లో, పబ్బుల్లో, పెళ్ళిళ్ళలో మోగుతాయి. పాడినవాళ్ళ పేరు రేడియోలో చెబుతారు. రాసినవాళ్ళ పేరు చెప్పరు.

మొన్న గుళ్ళో స్పందన అనే అమ్మాయి అడిగింది. "ఆంటీ, మీరేం చేస్తుంటారు?"

"పాటలు రాస్తానమ్మా."

"వావ్. డివోషనలా?"

"కాదు. ఎండిపోయిన వాగులు, ఆవులు, తాగుబోతులు."

ఆ అమ్మాయి నవ్వి, ప్రసాదం కవర్ అందించి, పక్క ఆంటీ వైపు తిరిగింది.

ఇవాళ్టి పాట కూడా ఆవు గురించే. కరువులో అన్నీ అమ్మేసిన ఒక రైతమ్మ ఆఖరి ఆవుని కూడా అమ్ముతుంది. కొనేవాడు దాని వయసు అడుగుతాడు, పాలు అడుగుతాడు. పేరు అడిగితే మాత్రం చెప్పదు. ఎందుకు చెప్పదన్నది ఆఖరి లైను.

"సిగ్గుపడి," అన్నాడు డెస్.

"ఆవుకి పేరు పెట్టడానికి సిగ్గేంటి?"

"పేరు మర్చిపోయింది."

"నువ్వు మర్చిపోతావు. ఆవిడ మర్చిపోదు."

మధ్యాహ్నం పెరుగన్నం చెరి సగం తిన్నారు. డెస్ రెండు చెంచాలు తిని చాలన్నాడు. పాప తివాచీ మీద పాకి పాకి అతని బూటు లేసు దొరకబుచ్చుకుంది. అతను ఆ కాలు కదపకుండా, రెండో కాలితో తాళం వేస్తూ వాయించాడు. లైను రాలేదు.

"రాకపోతే వదిలేద్దాం, కౌస్."

"వదలను."

పాప పాలకి ఏడుపు మొదలుపెట్టింది. కౌసల్య దాన్ని ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది. సీసా వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టి, మణికట్టు మీద చుక్క వేసి చూసింది. ఇంకా వేడి. కుళాయి కింద చల్లార్చి మళ్ళీ చూసింది. అప్పుడు వచ్చింది లైను. పైకి అనలేదు, వంటిల్లు ఆ గది కాదు గనక. నోరు బిగించుకుని గబగబా వెనక్కి వచ్చింది.

డెస్ గడ్డం గుండెల మీదికి దించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెయ్యి తీగల మీదే ఉంది. వినేటప్పుడు ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు. ఆమె ఫోనులో రికార్డు నొక్కి, పాప నోటికి సీసా అందించి, లోగొంతుకతో ఆఖరి చరణం పాడింది. ఇంగ్లీషులో పాడినదానికి తెలుగులో అర్థం ఇది:

బండి ఎక్కించాక దాని పేరు పైకి అనలేదు,
అది తిరిగి చూస్తే దించేసుకుంటానని.

"ఎలా ఉంది?" అంది.

పాప గుటకలు వేస్తోంది.

"డెస్."

ఇంకోసారి పిలిచింది. తర్వాత లేచి వెళ్ళి అతని చెయ్యి ఎత్తింది. వేళ్ళు వదులుగా జారిపోయాయి. తీగలు చిన్నగా మోగి ఊరుకున్నాయి.

అంబులెన్సు వాళ్ళు నెమ్మదిగా మాట్లాడారు. బాధ తెలిసి ఉండదన్నారు. ఎంతసేపయిందని అడిగితే, పాలు వెచ్చబెట్టడానికి వెళ్ళేదాకా మాట్లాడుతూనే ఉన్నాడని చెప్పింది. అంతకు మించి ఆమెకి తెలియదు. వాళ్ళు గిటారుని సోఫా మీద పెట్టి, అతన్ని తీసుకెళ్ళారు.

సాయంత్రం చైత్ర గ్యారేజీకి వచ్చింది. తల్లిని పట్టుకుని నిలబడి, తర్వాత పాల సీసా తీసుకుని కడగడానికి వెళ్ళింది. కౌసల్య రికార్డింగు సిడ్నీకి పంపించింది. కాసేపటికి అక్కడి పాటల కంపెనీ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోను చేసింది. పాట చాలా బాగుందంది. డెస్ సంగతి విని సారీ చెప్పింది. తర్వాత, అడగక తప్పదన్నట్టు, పేర్లు ఎవరివి వెయ్యమంటారని అడిగింది. ఆఖరి లైను వచ్చేసరికి ఆయన ఉన్నారా అని కూడా అడిగింది.

"గదిలోనే ఉన్నాడు," అంది కౌసల్య. "ఇద్దరి పేర్లూ వెయ్యండి. ఆయనది ముందు."

ఫోను పెట్టేసి చూస్తే పాప డెస్ కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. కుర్చీ చేతి మీది నుంచి ఏదో తీసి నోట్లో పెట్టుకోబోతోంది. కౌసల్య ఒక్క అడుగులో వెళ్ళి పిడికిలి విప్పింది. డెస్ చెవి మిషను. కునుకు తీసేటప్పుడే దాన్ని తీసి అక్కడ పెట్టేవాడు. ఆమె గుప్పిట మూసింది. లోపల అది సన్నగా, ఆగకుండా ఈల వేస్తూనే ఉంది.