మూడు వందల ఎనభై ఆరు గిన్నెలు

హార్మన్ క్రీక్ విశ్వవిద్యాలయం భోజనశాలలో గిన్నెలు కడిగే గదికి ఇరవై రెండేళ్లుగా పెద్ద దిక్కు వెర్నా హీబర్ట్. ఏ చెంచా ఏ అరలో ఉండాలో చెప్పేది ఆవిడే. అలాంటి గదిలో నవంబరు మొదటి వారానికి భోజనశాలవి కాని గిన్నెలు మూడు వందల ఎనభై ఆరు పేరుకుపోయాయి. గాజువి, పింగాణీవి, రేకువి. బల్లల మీద, బల్లల కింద, చివరికి వెర్నా కూర్చునే కుర్చీలో కూడా.

అక్టోబరులో ఒక గురువారం మధ్యాహ్నం రసాయన శాస్త్ర భవనం రెండో అంతస్తులోకి ఒకడు తుపాకీతో వచ్చాడు. ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. ఐదుగురు ఆసుపత్రిలో చేరి, దేవుడి దయవల్ల ఇంటికి తిరిగొచ్చారు. చనిపోయినవాళ్లలో ఒకమ్మాయి డెల్లా విట్‌కమ్. మంగళవారాలు వెర్నా దగ్గరే పళ్లేలు కడిగేది. పనిచేస్తున్నంతసేపూ శ్రుతి లేకుండా పాడేది. వెర్నా ఆపమంటే ఇంకో పాట అందుకునేది.

విశ్వవిద్యాలయాన్ని తొమ్మిది రోజులు మూసేశారు. ఇళ్లకు వెళ్లలేని పిల్లలు మూడు వందల మంది హాస్టళ్లలోనే ఉండిపోయారు. సరుకుల లారీలు రాలేదు. వంటవాళ్లలో సగం మందికి గడప దాటే ధైర్యం లేకపోయింది. శుక్రవారం పొద్దున్నే ఆర్లీన్ గోరింగ్ అనే డెబ్భై ఏళ్లావిడ పోలీసులు కట్టిన పసుపు పట్టీ దగ్గర కారాపి, చికెన్ నూడుల్స్ నిండిన గాజు గిన్నెతో నిలబడింది.

"లోపలికి ఎవర్నీ పంపకూడదండీ" అన్నాడు పోలీసు.

"నన్ను పంపమని ఎవరడిగారు? గిన్నెని పంపు. కాలుతోంది, కింద గుడ్డతో పట్టుకో."

సాయంత్రానికి ఆ పట్టీ దగ్గర కార్లు బారులు తీరాయి. ఊరికీ విశ్వవిద్యాలయానికీ ముప్పై ఏళ్లుగా పడదు. పిల్లలు తమ గడ్డి మీద కార్లు నిలుపుతారని ఊరివాళ్లకు కోపం. ఊరివాళ్లకు గోధుమలు తప్ప ఇంకేమీ తెలియవని ప్రొఫెసర్లకు చులకన. ఆ తొమ్మిది రోజులూ ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. చీజ్ వేసి కాల్చిన బంగాళదుంపలు, క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు, బీన్స్, మాంసంతో ఉడికించిన చిల్లీ, దాంతో తినడానికి దాల్చినచెక్క రోల్స్, ఇలా వస్తూనే ఉన్నాయి. పిల్లలు తిన్నారు. వెర్నా కడిగింది. కడుగుతూ ఏడ్చింది. ఆవిరి గది కాబట్టి ఎవరూ అడగలేదు.

తరగతులు మళ్లీ మొదలయ్యాక విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షుడు ఆల్డెన్ ప్రూయిట్ ఆ గిన్నెల సంగతి తేల్చడానికి పద్నాలుగు మందితో ఒక సంఘం వేశాడు. తూర్పు తీరపు పెద్ద నగరం నుంచి రెండేళ్ల కిందట వచ్చిన మనిషి. మంచివాడే గాని మాట్లాడితే కాగితం చదివినట్టుండేది. గిన్నెలు ఎన్నున్నాయో చెప్పడానికి ఆ సమావేశానికి వెర్నాని పిలిచారు.

"ఒక శిల్పిని పిలిచి వీటిని భోజనశాల గోడకు అమర్చుదామనుకుంటున్నాం" అన్నాడు ప్రూయిట్. "ఊరు చూపిన ప్రేమకు శాశ్వతమైన గుర్తుగా."

"గోడకా?"

"అవునండీ. అద్దం వెనకాల."

"ప్రూయిట్ గారూ, థాంక్స్‌గివింగ్ పండక్కి ఇంకా మూడు వారాలే ఉంది. ఊళ్లో వాళ్ల మంచి గిన్నెలన్నీ మన దగ్గరే ఉన్నాయి. పండక్కి చిలగడదుంపలు దేంట్లో వండుకుంటారు? మీ గోడలోనా?"

బల్ల చివర ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వినావిడ డాక్టర్ ఇరీన్ సోబెల్. రసాయన శాస్త్రం చెప్పే ప్రొఫెసర్, యాభై ఏళ్ల మనిషి. ఆ రోజు బల్లలు తలుపుకి అడ్డం పెట్టి పద్దెనిమిది మంది పిల్లల్ని కాపాడింది. అప్పట్నుంచి సెలవులో ఉంది. సమావేశాలకు రమ్మంటే వచ్చేది, నోరు విప్పేది కాదు. తన నవ్వుకి తనే ఉలిక్కిపడినట్టు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"చాలావాటి మీద పేర్లే లేవు కదా, ఎలా తిరిగిస్తారు?" అన్నాడు ప్రూయిట్.

"పేరెందుకు? నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో పెళ్లిళ్లకీ చావులకీ గిన్నెలు కడుగుతున్నాను. మొహాలైనా మర్చిపోతానేమో గాని గిన్నెని మర్చిపోను. నాకో వ్యాను ఇవ్వండి, నడపడానికో మనిషినివ్వండి."

"నేను నడుపుతాను" అంది సోబెల్.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"ఇంట్లో ఖాళీగా కూర్చోలేకపోతున్నాను" అంది ఆవిడ, బల్ల వైపు చూస్తూ.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. పదిహేడేళ్లుగా ఒకే ఆవరణలో పనిచేస్తున్నా ఇద్దరూ అంతకుముందు మాట్లాడుకున్నది లేదు. సోబెల్ వ్యాను ఎంత నెమ్మదిగా నడిపిందంటే, పక్క పొలంలో ట్రాక్టరు వాళ్లని దాటిపోయింది.

"ప్రొఫెసర్ గారూ, వెనకున్నవి గిన్నెలే. గుడ్లు కావు" అంది వెర్నా.

"గాజువి కదండీ."

"మా ఊరి గాజు మీ వేగానికి పగలదు లెండి."

మొదట ఆర్లీన్ ఇల్లు. గిన్నె చేతికివ్వబోతే ఆవిడ తలుపు బార్లా తీసింది. "గుమ్మంలో నిలబడి ఇచ్చిపోతావేమే వెర్నా? నేనేమన్నా అద్దెకిచ్చానా? రా, ఆ అమ్మాయిని కూడా తీసుకురా. ఆమె మొహం చూడు, పొద్దున్నుంచి ఏం తిన్నట్టు లేదు."

ముప్పావుగంట తర్వాత బయటపడ్డారు. సోబెల్ చేతుల్లో అదే గిన్నె, ఈసారి యాపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి వంటకంతో నిండి ఉంది. ఆ రోజంతా తిరిగి పదకొండు గిన్నెలు ఇచ్చారు. తొమ్మిది నిండి వెనక్కొచ్చాయి.

"ఇలా అయితే పండక్కి కాదు, వచ్చే కోతలకి పూర్తవుతుంది" అంది వెర్నా. "రేపట్నుంచి ఎక్కడా కూర్చోకూడదు."

మర్నాడు మొదటి ఇంట్లోనే కూర్చున్నారు. ఎందుకంటే కుర్చీలు ముందే వేసి ఉంచారు. ఆర్లీన్ ఊరందరికీ ఫోన్లు చేసేసింది.

సోబెల్‌కి ఒక విషయం వింతగా అనిపించింది. ఏ ఇంట్లోనూ ఆ రోజు ఏమైందని ఎవరూ అడగలేదు. తిన్నారా అని మాత్రం అందరూ అడిగారు. తర్వాత మాట కూడా అన్నిచోట్లా ఒకటే. "పండక్కి ఎటూ వెళ్లలేని పిల్లలు ఎంతమంది ఉన్నారు? మా ఇంటికి ఇద్దర్ని పంపండి." సోబెల్ తన నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలెట్టింది. వారం తిరిగేసరికి ఆ జాబితా నాలుగు పేజీలైంది.

నీలం రంగు పెద్ద గిన్నె దగ్గర మాత్రం చిక్కొచ్చిపడింది. అది నాదంటే నాదని నోర్మా, ఫెర్న్ అనే వదినామరదళ్లు ఒకే గుమ్మంలో నిలబడ్డారు. ఫెర్న్ వీధి చివర్నుంచి వ్యానుని చూసి పరుగెత్తుకొచ్చింది.

"ఆ మూల సొట్ట నా పెళ్లినాడు పడింది" అంది నోర్మా.

"పడలేదు. నువ్వు విసిరావు. నా గిన్నె నీ పెళ్లికి అరువిస్తే" అంది ఫెర్న్.

"వదినా, నీ నోటికి హద్దు లేదు."

"పదకొండేళ్లుగా మాటల్లేవు, ఇప్పుడు వదిననని గుర్తొచ్చిందా?"

సోబెల్ ఆ సొట్టని, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ పండగ ఒకే ఇంట్లో చేసుకుంటే ఒక్క గిన్నె సరిపోతుంది కదండీ" అంది, లెక్క తేల్చినట్టు, అమాయకంగా. వెర్నా వసారా కప్పుని శ్రద్ధగా పరీక్షించింది. చాలాసేపటికి నోర్మా, "పండగ టర్కీ కోడి నేను చేస్తాను. నీది ఎప్పుడూ ఎండిపోతుంది" అంది.

"సరే. సాస్ నాది" అంది ఫెర్న్.

వ్యానులోకి ఎక్కాక వెర్నా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "వీళ్లని కలపాలని మా పాస్టరు పదకొండేళ్లు ప్రయత్నించాడండీ."

పద్నాలుగో రోజుకి నలభై గిన్నెలు మిగిలాయి. ఆ మధ్యాహ్నం కంకర రోడ్డు మీద పోతుండగా సోబెల్ ఉన్నట్టుండి వ్యాను పక్కకు ఆపింది.

"మీకో విషయం చెప్పాలి" అంది. "ఆ రోజు ఎవరో నా తలుపు లాగారు. మూడుసార్లు. నేను తియ్యలేదు. నా వెనక పద్దెనిమిది మంది ఉన్నారు. ఆ ఇద్దరు పిల్లలూ బయట వరండాలోనే చనిపోయారు. తలుపు లాగింది వాళ్లలో ఒకరేమో. డెల్లానేమో."

వెర్నా ఒళ్లో ఉన్న రేకు గిన్నెని కొంగులా వేలాడుతున్న ఆప్రాన్‌తో తుడిచింది. అది అప్పటికే తళతళలాడుతోంది. ఆవిడకి ఊరికే మాటలు అల్లే అలవాటు లేదు. సోబెల్ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. "పదండి" అంది తర్వాత. "ఈ గిన్నె డ్వైట్ ఎన్స్‌ది. ఆ కనిపించే ఇల్లే."

తలుపు తీసిన మనిషిని చూసి సోబెల్ తడబడింది. ఆ మొహం ఆవిడకి తెలుసు. పదిహేడేళ్లుగా తన గది తుడిచే మనిషి. పేరు మాత్రం ఇప్పుడే తెలిసింది.

డ్వైట్ కాఫీ పోశాడు. "మీ కిటికీలో మొక్కకి నీళ్లు పోస్తున్నానండీ, కంగారు పడకండి" అన్నాడు. "పసుపు ఆకులు తీసేశాను."

వెర్నా కప్పు కింద పెట్టింది. "డ్వైట్, ఆ రోజు నువ్వెక్కడున్నావురా?"

"రెండో అంతస్తులోనే. మొదటి శబ్దం వినగానే తలుపులన్నీ లాగి చూసుకుంటూ పోయాను, గడియ పడిందా లేదా అని. తెరుచుకున్న రెండు గదుల్లోని పిల్లల్ని వెనక మెట్ల మీదుగా దింపేశాను." సోబెల్ వైపు తిరిగాడు. "మీది మూడుసార్లు లాగాను. మీ గడియ వదులు కదా, వేసవి నుంచి బాగుచెయ్యమని రాస్తూనే ఉన్నాను. అయినా తలుపు కదల్లేదు. హమ్మయ్య అనుకుని పక్క గదికి పోయాను. అది గాని తెరుచుకుని ఉంటే మిమ్మల్ని తిట్టేవాణ్ణి, నిజం."

సోబెల్ భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియక డ్వైట్ గాభరాపడ్డాడు.

"కాఫీ చేదుగా ఉందాండీ?"

"లేదు" అంది ఆవిడ, రెండూ ఒకేసారి చేస్తూ. "కాఫీ చాలా బావుంది. మీరు లాగారా. మీరేనా."

"నేనే. పోలీసులకి రెండుసార్లు చెప్పాను, రాసుకున్నారు కూడా. మీకు చెప్పలేదా?"

"ఎవరూ చెప్పలేదు."

డ్వైట్ మెడ గోక్కున్నాడు. "నేనే వచ్చి చెప్పాల్సింది. ఇన్నేళ్లుగా మీ చెత్తబుట్ట తీస్తున్నాను గాని, మీతో మాట ఎక్కడ మొదలెట్టాలో తెలిసేది కాదండీ."

"నాకూ తెలియలేదు" అంది సోబెల్. "నా పేరు ఇరీన్."

వెళ్లేటప్పుడు డ్వైట్ గిన్నె నింపడానికి లేచాడు. వెర్నా కోప్పడింది. అయినా నింపాడు. తిరుగు ప్రయాణంలో ముందు ట్రాక్టరు ఒకటి పోతుంటే సోబెల్ దాన్ని దాటేసింది. వెర్నా సీటు గట్టిగా పట్టుకుంది.

పండగ మూడు రోజుల్లో ఉందనగా సోబెల్ తన జాబితా తీసుకుని ప్రూయిట్ గదికి వెళ్లింది. వెనకాల వెర్నా. ఊళ్లో అరవై రెండు ఇళ్లు పిల్లల్ని పిలిచాయి. వెళ్లడానికి నూటొక్క మంది పిల్లలున్నారు.

ప్రూయిట్ పేజీలన్నీ చదివాడు. "దీనికి అనుమతి పత్రాలు కావాలి. న్యాయవిభాగం చూడాలి. బాధ్యత ఎవరిదన్నది..."

"చూడనివ్వండి. ఈలోగా మీరు పండక్కి ఎక్కడ తింటున్నారు?" అంది వెర్నా.

అతను తడుముకున్నాడు. భార్య తన అమ్మ దగ్గరికి వెళ్లిందట. డబ్బాలో సూప్ ఉందట.

"మీ పేరు కూడా రాస్తున్నాం" అంది సోబెల్, కలం తీసి. "నూట రెండు. ఫెర్న్ గారి ఇంటికి వెళ్లండి. అక్కడ కాస్త పెద్దమనిషి ఉంటే మంచిది."

ప్రూయిట్ కాగితం మీద తన పేరు చూసి నవ్వాడు. అతను నవ్వగా వెర్నా అదే మొదటిసారి చూడడం. న్యాయవిభాగానికి తనే ఫోన్ చేశాడు. ఒక్క పేజీ పత్రంతో సరిపెట్టమని, అది ఈ సాయంత్రానికే కావాలని చెప్పాడు.

పండగ రోజు వెర్నా ఇంట్లో తొమ్మిది మంది. భర్త లాయిడ్ టర్కీ కోస్తూ, "నీ ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఇంటికి తెచ్చిన మొదటి ప్రొఫెసర్ ఈవిడే. నేను ఏం మాట్లాడాలి?" అని చెవిలో గొణిగాడు.

"ఏదైనా మాట్లాడు. ఆమె చదువుకుంది గాని పాపం మంచిదే."

ఐదుగురు విద్యార్థులు రెండేసిసార్లు వడ్డించుకున్నారు. డ్వైట్ తన గిన్నెతో వచ్చాడు. భోజనానికి ముందు లాయిడ్ తల వంచి, పోయిన ఇద్దరి పేర్లూ చెప్పాడు. తర్వాత ఎవరో చిలగడదుంపలు అందించమన్నారు.

సోమవారం పొద్దున్న డ్వైట్ తాళం తీస్తే సోబెల్ తన గదిలోకి వెళ్లింది. వెర్నా గుమ్మంలో నిలబడింది. సోబెల్ కాసేపు బల్లల మధ్య నడిచింది. కిటికీ దగ్గర మొక్క ఆకులు తాకి చూసింది. సొరుగులోంచి అక్టోబరు పరీక్ష కాగితాల కట్ట తీసింది.

"జనవరి నుంచి వ్యవసాయ భవనంలో తరగతి ఇచ్చారు. కింద గొర్రెలుంటాయట" అంది.

"అరుస్తాయండీ" అన్నాడు డ్వైట్. "పొద్దున పదింటికి మేత వేస్తారు."

"నా తరగతి కూడా పదింటికే" అంది ఇరీన్. కాగితాలు చంకలో పెట్టుకుని, దిద్దడానికి ఎర్ర కలం కోసం సొరుగంతా వెతకసాగింది.