ఆరో గడి

మా ఆయన చొక్కా కాలర్ మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే ఫోన్ మోగింది. కుడిచేత్తో పెట్టెను పక్కన నిలబెట్టి, ఆ చేత్తోనే ఫోన్ తీశాను. నా ఎడమచేతికి బరువు తగలకూడదు. డయాలసిస్ సూదుల కోసం మోచేతి దగ్గర రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే లోపల పిల్లి గురగురలాడుతున్నట్టుంటుంది.

ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఒకమ్మాయి.

"మేడమ్, మీ ట్రీట్‌మెంట్‌కి అనుమతి రాలేదండీ. వివరాలు దాచారని రాశారు."

"నేనేం దాచానమ్మా?"

"పాలసీ ఫారంలో ఆరో గడి చూడండి. గర్భాలు ఎన్ని అన్నచోట రెండు అని ఉంది. మీ డాక్టరు ఉత్తరంలో నాలుగు అని ఉంది. ఏది నిజమో మీ చేత్తో రాసి, విషయం తెలిసిన ఇంట్లోవాళ్లలో ఒకరితో సాక్షి సంతకం పెట్టించండి. శుక్రవారం అయిదులోపు అందకపోతే ఫైలు మూసేస్తారు."

ఆ రోజు మంగళవారం. చొక్కా ఒక చెయ్యి ఇంకా ముడతలుగానే ఉంది. ముందు అది పూర్తి చేశాను. పదిహేడేళ్ల అలవాటు.

నాకు కిడ్నీ ఇస్తానన్నది మా అక్క. బ్లడ్ గ్రూపు కలిసింది. కానీ అక్క కణాలతో కలిపి చూస్తే నా రక్తం వాటి మీద తిరగబడింది. కిడ్నీ డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. కడుపులో బిడ్డ పడినప్పుడల్లా తండ్రి పోలికలున్న కణాలు తల్లి రక్తంలో కలుస్తాయట. తల్లి ఒళ్లు వాటిని పరాయివాటిగా లెక్కేసి సైన్యాన్ని తయారు చేసుకుంటుందట. బిడ్డ నిలిచినా, నిలవకపోయినా. "మీ ఒళ్లు నాలుగుసార్లూ గుర్తుపెట్టుకుందమ్మా" అంది. అక్క కణాల్లోనూ మా ఆయన కణాల పోలికే ఒకటి ఉందట. అందుకని ఆపరేషన్‌కి ముందు ఆరుసార్లు రక్తాన్ని వడపోసి ఆ సైన్యాన్ని బయటికి పంపాలి. అది చేయకుండా అక్క కిడ్నీ పెడితే అది మొదటిరోజే పాడైపోతుంది. సొంత ఖర్చుతో చేయించుకోవడం మావల్ల కాదు.

ఫైలు తీసి చూశాను. ఆరో గడిలో ఉన్న చేతిరాత నాకు బాగా తెలుసు. ఆ ఫారం ఆయన ఆఫీసు ద్వారా వెళ్లింది. నింపింది కూడా ఆయనే. అప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. పిలిస్తే తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి, ఆయన వేలు పెట్టిన చోట సంతకం చేసి, పొయ్యి మీద కూర మాడుతోందని పరుగెత్తాను. చదవలేదు. చదవాలని కూడా తోచలేదు.

ఆ గడిలో చోటు దొరకని రెండింటి సంగతి చెప్పుకోవాలి. మొదటిది పెళ్లయిన ఏడాదికి. ఇల్లు మారుతున్నాం. మూడంతస్తులు, లిఫ్టు లేదు. "మా ఇంటి లిఫ్టు ఇదిగో" అని ఆయన నన్ను చూపిస్తే అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. పదకొండో పెట్టె మోసేసరికి కడుపులో పట్టేసింది. మర్నాడు పొద్దున్నే లేచి అందరికీ కాఫీ పెట్టాను. అత్తయ్య చెవి దగ్గరకొచ్చి, బయట అనకు, నిలవని కడుపని పేరు పడుతుందన్నారు. ఆ తర్వాత ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ బడికెళ్తున్నారు. నాలుగోది ఆయన వద్దనుకున్నది. మధ్యాహ్నం భోజనం వేళ ఆసుపత్రికి తీసుకెళ్లి, మూడింటికల్లా మీటింగుకి వెళ్లిపోయారు. సాయంత్రం వస్తూ అరటిపళ్లు తెచ్చారు. తేలేదని మాత్రం అనను.

మంగళవారం సాయంత్రం ఆయన రాగానే ఇన్సూరెన్స్ ఫోన్ సంగతి చెప్పాను. ఆయన సాక్సులు విప్పుతూ విన్నారు.

"ఇద్దరు పిల్లలు కాబట్టి రెండని రాశాను. పోయినవాటిని ఎవరు లెక్కేస్తారు?"

"డాక్టరమ్మ లెక్కేసిందండీ."

"ఆసుపత్రివాళ్లే పొరపాటున నాలుగు వేశారని రాసెయ్. పోయేదేముంది?"

పోయేది నా ప్రాణం. నాలుగు తప్పని రాస్తే నా రక్తం తిరగబడటానికి కారణం లేదు, కారణం లేకపోతే ట్రీట్‌మెంట్ లేదు. అదే చెప్పాను. తన అబద్ధాన్ని తన ఆఫీసుకే రాసిస్తావా, మొహం ఎక్కడ పెట్టుకోవాలి, సాక్షి సంతకం తనవల్ల కాదన్నారు. చివర్లో ఎప్పటిమాటే: "ఈ ఇంటికి పెద్దకొడుకుని నేను. పరువు చూసుకోవాల్సింది నేనే."

ఆ పెద్దకొడుకు మాట నాకు కొత్త కాదు. మొదటి ముద్ద ఆయనది, చివరిమాట ఆయనది. కిడ్నీ ఎవరిస్తారన్న మాట వచ్చినప్పుడు పరీక్ష దాకా కూడా పోకుండా, పెద్దకొడుకుని, నాకేమైనా అయితే ఇల్లేం కావాలని ఆ మాటతోనే తప్పుకున్నారు.

బుధవారం పిల్లలు బడికి వెళ్లాక భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాశాను. మొదటిది మూడోనెలలో పోయింది. రెండు, మూడు నా కూతుళ్లు. నాలుగోది వద్దనుకున్నాం. అక్కడ కలం ఆగింది. ఆ 'అనుకున్నాం' కొట్టేసి, "ఆయన వద్దన్నారు, నేను కాదనలేదు" అని రాశాను.

ఎదురుగా అత్తయ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఏం రాస్తున్నావంటే చదివి వినిపించాను. మొదటిదాని దగ్గర ఆవిడ చేతులు ఆగాయి. సాక్షి సంతకం కావాలని, ఆయన పెట్టనన్నారని కూడా చెప్పాను.

"ఎక్కడ పెట్టాలమ్మాయ్?"

"ముందు మీరు చదవండి అత్తయ్యా" అని కళ్లజోడు తెచ్చిచ్చాను.

రెండుసార్లు చదివారు. చెయ్యి చీరకి తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేశారు. మళ్లీ చిక్కుడుకాయలు ముందుకి లాక్కున్నారు. గురువారం డయాలసిస్‌కి వెళ్లినప్పుడు ఆసుపత్రి ఇన్సూరెన్స్ కౌంటర్లోనే కాగితం ఇచ్చేశాను. కబురు నా ఫోన్‌కే పంపమని నా నంబరు రాశాను.

మరుసటి మంగళవారం మెసేజ్ వచ్చింది. ఆరుసార్లకీ అనుమతి ఇచ్చారు.

ఆయన నా ఫోన్ తీసుకుని రెండుసార్లు చదివారు.

"సాక్షి ఎవరు? మీ అక్కేనా?"

"నేనేరా" అన్నారు అత్తయ్య, దుప్పటి మడతపెడుతూ.

"నువ్వా! ఇంటి గుట్టు ఆఫీసు దాకా పంపిస్తావా అమ్మా? పోయినవి కూడా ఒక లెక్కేనా?"

అత్తయ్య దుప్పటి కొసలు సరిచేసి మంచం మీద పెట్టారు.

"పెద్దకొడుకువని నిన్ను మీ నాన్న అన్నారు. నేనెప్పుడూ అనలేదు. నువ్వు నాకు మూడోవాడివిరా."