మామ మాట వినే కంప్యూటర్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ఆ వారం మాత్రం అది ముక్కు దిగి కంప్యూటర్ మీద కూర్చుంది.

పదకొండేళ్లుగా మా గనుల ఊరి కోరమండల్ స్టేషన్లో తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరు పోయి, అక్కడ బీమా ఫారాలు చూసే ఆఫీసులో పనిచేసి, చీకటిపడ్డాక ఇల్లు చేరుతున్నాను. మా పాప శశి ఇప్పుడు మూడో తరగతి. అది యూనిఫాం వేసుకుని బడికి బయల్దేరడం, సెలవు పెట్టిన నాలుగు రోజులు తప్ప, నేను చూసింది లేదు. దానికి తల దువ్వేది, డబ్బా కట్టేది మా ఆయన నాన్న, మా మామ దొడ్డమునియప్పే. మా ఆయన లారీ డ్రైవరు. మామిడి సీజన్ వస్తే శ్రీనివాసపురం మండీ వదిలి రాడు.

చివరికి ఆఫీసువాళ్లు ఇంటి నుంచి పని చేసుకోమన్నారు, ఒక షరతు మీద. వారం లోపల వరసగా మూడు రోజులు, రోజుకు అరవై ఫారాలు సాయంత్రం ఐదుకల్లా పూర్తిచేసి చూపించాలి. చూపిస్తే ఇల్లు, లేకపోతే మళ్లీ రైలు.

మూడు రోజులు గడిచాయి. ఏ రోజూ నలభై దాటలేదు. మా ఇంటి పాత కంప్యూటర్లో ఆఫీసు ప్రోగ్రాం తెరవమంటే తెరుచుకోదు. తెరుచుకుంటే కదలదు. ఒక్కోసారి అడగని విండోలన్నీ ఒకదాని మీద ఒకటి లేచి కూర్చుంటాయి. దీనికి దెయ్యం పట్టిందో, వైరస్ పట్టిందో అనుకుని పక్క వీధిలో కంప్యూటర్లు బాగుచేసే గాడ్విన్‌ని పిలిచాను.

గాడ్విన్ నెమ్మదస్తుడు. పెట్టె విప్పి దుమ్ము దులిపాడు. ఆన్ చేయగానే తమంతట తామే లేచే ప్రోగ్రాములు పద్నాలుగు ఉంటే పదకొండింటిని ఆపేశాడు. పనికిరాని ఫైళ్లు తుడిచాడు, విండోలు తెరుచుకునేటప్పుడు చేసే హంగులన్నీ తీసేశాడు, మెమరీ ఇంకో ముక్క తగిలించాడు. ఏ ప్రోగ్రాం ఎంత మెమరీ తింటుందో చూపించే పట్టీ ఎక్కడుందో కూడా నేర్పించాడు.

"ఇంగ గుర్రం మాదిరి పరిగెత్తుతాదక్కా. వైరస్ లేదు, నేను చూసినాను" అని చెప్పి వెళ్లాడు.

అరగంట కూడా పరిగెత్తలేదు. ఫోన్ చేసి గాడ్విన్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, మొత్తం విని, సరేక్కా అని పెట్టేశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి మామ కంప్యూటర్ ముందు కూర్చుని హరికథ వీడియో చూస్తున్నాడు. ఎక్కడా ఆగకుండా నడుస్తోంది. ఒకటి మూశాడు, ఇంకొకటి తెరిచాడు. అది ఠక్కున తెరుచుకుంది.

"ఏం చేసినావు మామా దీన్ని?"

"ఏమీ చేయలేదమ్మా. సుమ్మనే, ఊరికే నొక్కినాను, తెరుచుకునింది."

నేను కూర్చున్నాను. మొరాయించింది. మామ కూర్చున్నాడు. నడిచింది. అప్పుడు నా కోపం ఎటు పోయిందో తెలియదు, దాని చోట ఒక దురద మొదలైంది. ఒకే కంప్యూటర్, ఒకే కరెంటు, ఒకే కుర్చీ. మరి తేడా యాడ ఉన్నట్టు?

హరికథకూ ఆఫీసు ప్రోగ్రాంకూ పోలిక లేదు కదా అని మామతో ఆఫీసు ప్రోగ్రామే తెరిపించాను. ఫోన్‌లో టైము పెట్టాను. నలభై ఒక్క సెకన్లు. కంప్యూటర్ ఆపి, మళ్లీ ఆన్ చేసి నేను తెరిచాను. నాలుగు నిమిషాలు దాటింది, లోపల ఫ్యాన్ ఏడుస్తోంది. ఇద్దరం మూడేసి సార్లు చేశాం. ప్రతిసారీ మామే గెలిచాడు.

గాడ్విన్ నేర్పించిన పట్టీ తెరిచాను. మామ తెరిచాక చూస్తే ఆఫీసు ప్రోగ్రాం పేరు ఒక్కసారి ఉంది. నేను తెరిచాక అదే పేరు వరసగా తొమ్మిదిసార్లు ఉంది. తొమ్మిదీ కలిసి మెమరీ అంతా మేసి కూర్చున్నాయి.

"మామా, ఈ సారి నువ్వు తెర చూడొద్దు. నా చెయ్యి చూడు. ఎన్ని తూర్లు నొక్కుతానో లెక్కపెట్టు."

"చూసేదేముందమ్మా. రోజూ చూస్తానే ఉండాను. ఎనిమిది, తొమ్మిది తూర్లు."

"మరి ఇన్ని రోజులు చెప్పలేదే?"

"నువ్వు కోపంగా ఉండేటప్పుడు చెప్పేదానికి నాకేమన్నా పిచ్చా?"

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తెరుచుకోలేదని మళ్లీ మళ్లీ నొక్కుతూ, ప్రతి నొక్కుకూ అదొక కొత్త పని మొదలుపెడుతుంటే, నడవడం లేదని దాన్నే తిట్టాను. గాడ్విన్‌ని కూడా తిట్టాను.

"నువ్వెట్లా ఆగతావు మామా?"

మామ చెప్పాడు. "గనిలో షాఫ్ట్ కాడ, అదే లోపలికి దిగే బావి కాడ, గంట కొట్టేది నా పని. ఒక గంటంటే నిలుపు. రెండంటే దించు. మూడంటే మనుషులు ఎక్కతా ఉండారు. పైన లిఫ్టు లాగే ఇంజన్ తోలేవానికి మనం కనపడం, వాడు గంటలే లెక్కపెట్టుకుంటాడు. జవాబు రాలేదని ఇంగోటి కొడితే అది ఇంగో ఆర్డర్ అయిపోతాది."

"ఎప్పుడన్నా కొట్టినావా?"

"ఒక తూరి. కొత్తలో. లిఫ్టు కదిలిపోయింది. నా జతలో ఉండేవాడు అప్పుడే కాలు పెడతా ఉన్నాడు. రెండు వేళ్లు పోయినాయి. వాడు నన్ను ఒక్క మాట అనలేదమ్మా. అనింటే బాగుండు."

టీ పెట్టుకొచ్చి ఇచ్చాను. ఆ తర్వాత గాడ్విన్‌కి ఫోన్ చేసి తప్పయిందని చెప్పాను.

ఐదో రోజు అరవై మూడు ఫారాలు. ఆరో రోజు అరవై ఆరు. ఏడో రోజు సాయంత్రం యాభై ఎనిమిది దగ్గర ప్రోగ్రాం బిగుసుకుపోయింది. టైము నాలుగు ముప్పావు. ఒకసారి నొక్కాను. ఏమీ కాలేదు. వేలు దురద పెడుతోంది. చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను.

"మామా, ఇంగొక్కసారి నొక్కేదా?"

"గంట నీ చేతిలో ఉండాది. నేనేం చెప్పేది?" అని మామ వంటింట్లోకి పోయాడు.

ఒక నిమిషం. రెండు. మెడ మీద చెమట కారుతోంది. పదకొండేళ్ల రైలు కళ్ల ముందు కదిలింది. మూడో నిమిషంలో ఫారం తెరుచుకుంది. ఐదుకు రెండు నిమిషాలుండగా అరవయ్యోది పంపించాను.

ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు. ఆ వారమంతా తెల్లారకముందే కంప్యూటర్ ముందు కూర్చున్నదాన్ని, సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు ఇంట్లో తీరిగ్గా ఉన్నాను. డబ్బా కట్టేశాను. దువ్వెన పట్టుకుని గడప దగ్గర కూర్చున్నాను. శశి లోపలి గదిలో సాక్సు వెతుక్కుంటోంది.

"శశీ, రామ్మా, తల దువ్వుతాను" అన్నాను.

జవాబు లేదు. ఎప్పటిలా ఇంకోసారి పిలవడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. లోపల బీరువా తలుపు చప్పుడైంది. ఆ తర్వాత అదీ లేదు. చాలాసేపటికి శశి ఒక కాలికే సాక్సు వేసుకుని వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, నా ముఖంలోకి బిత్తరగా చూసింది.

"ఒక్క తూరే పిలిచినావేమ్మా? నా మీద కోపమా?"