బూడిదరాజు గొంతు

పుక్కిలించిన ఉప్పునీళ్ళు ఉమ్మేసి, బొంగురాయన అద్దం ముందు నోరు బార్లా తెరిచి గొంతులోకి తొంగి చూసుకున్నాడు. చూడదగ్గది ఏమీ లేదు. అరిగిన పళ్ళు, తెల్లగా పూత పట్టిన నాలిక, దాని వెనక చీకటి. ఇన్నేళ్ళుగా ఇంటికి తిండి ఆ చీకట్లోంచే వస్తోంది. రాక్షసులు, కసాయి సేనాపతులు, మనుషుల్ని మింగే చెట్లు, మాట్లాడే తోడేళ్ళు, ఇలా టీవీలో కనిపించే చెడ్డవాళ్ళలో సగంమంది అందులోంచి పుట్టినవాళ్ళే. మనిషి చూస్తే గుప్పెడు. సన్నటి మెడ, ముందుకు వంగిన భుజాలు, ఎవరినో అడిగి తెచ్చుకున్నట్టు వేలాడే చొక్కా. ఆయన నోరు విప్పితే కొత్తవాళ్ళు ఆయన వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని చూస్తారు.

"పొద్దున్నే రమ్మన్నారంటే వాడి కోసమేరా," అంది ముందుగదిలోంచి అక్క. "బతికే ఉంటాడు. నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నా."

"ఉంటే ఉంటాడు, పోతే పోతాడు. మనకేమైనా చుట్టమా?"

"చుట్టం కాకపోతే మరి?" అని అక్క నవ్వింది.

వాడంటే బూడిదరాజు. 'ఏడు బురుజులు' అనే సీరియల్లో విలను, తెలుగులో వాడికి గొంతు బొంగురాయనదే. ఎక్కడో ఎవరో వాళ్ళ భాషలో తీసినదాన్ని ఇక్కడ గొంతులు మార్చి చూపిస్తారు. ఎగిరే గుర్రాలు, మాయ అద్దాలు, జడివానలో కూడా జుట్టు చెదరని రాకుమారులు. పోయిన భాగం ఆఖర్న వంతెన కూలి బూడిదరాజు నిప్పులోయలో పడ్డాడు. పడటం చూపించారు, చావడం చూపించలేదు. రాతి అంచు మీద వాడి నల్లటి చేతితొడుగు ఒక్కటి చూపించి అక్కడితో ఆపేశారు. అంతే, ఊరు రెండుగా చీలింది. చచ్చాడని సగం, బతికాడని సగం. పనీపాటా లేనివాళ్ళంటే సరే, పనున్నవాళ్ళు కూడా అది పక్కనపెట్టి ఆ చేతితొడుగు గురించి మాట్లాడుకోవడం చూస్తే బొంగురాయనకు ఒళ్ళు మండేది. అసలు పుట్టనే పుట్టనివాడు చచ్చాడా లేదా అని వీళ్ళు కొట్టుకు చావడం. ఇలాంటి జనానికా తను గొంతు చించుకున్నది అనుకునేవాడు.

అక్క సంగతి వేరు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో జీవితమంతా పనిచేసింది. పెళ్ళి ఊసెత్తినవాళ్ళ ముఖాలైనా ఆమెకు గుర్తు లేవు గానీ, ఒకసారి విన్న గొంతు మర్చిపోదు. బూడిదరాజు మొదటిసారి టీవీలో నోరు విప్పిన రోజున చేతిలో గ్లాసు పక్కన పెట్టేసి, "నాన్నని పట్టుకొచ్చావే," అంది. బొంగురాయన విననట్టు లేచి వంటగదిలోకి వెళ్ళాడు.

బూడిదరాజు ఏ మాటైనా మొదలుపెట్టే ముందు ముక్కుతో చిన్నగా ఊపిరి లాగుతాడు, ఎదుటివాడి దగ్గర ఏదో కుళ్ళు వాసన కొట్టినట్టు. తెర మీది నటుడు ఆ పని చెయ్యడు. వాడి ముఖానికి ఇనుప తొడుగు, అందులోంచి ఏం చేసినా తెలియదు. ఆ ఊపిరి బొంగురాయన సొంతంగా పెట్టింది. వాళ్ళ నాన్న బట్టల మిల్లులో సూపర్‌వైజరుగా చేసేవాడు. పనివాళ్ళతోనైనా పిల్లలతోనైనా ఆ ఊపిరి లాగాకే మాట. కొడుకు నాటకాల్లో చేరతానన్న రోజున కూడా అలాగే లాగి, "హీరో వేషమా, ఈ ముఖానికి?" అన్నాడు. ఆ ఏడే టైఫాయిడ్ వచ్చి కొడుకు గొంతు బొంగురుపోయింది. హీరో వేషం విషయంలో ఆయనే నెగ్గాడు. మనిషి పోయి చాలా కాలమైంది.

"వాడు అంత తేలిగ్గా పోయే రకం కాదు," అంటూ ఉంటుంది అక్క. బూడిదరాజు గురించో, నాన్న గురించో ఆమె చెప్పదు, ఈయన అడగడు.

చెప్పుకోడానికి సిగ్గుగానీ, వాడు బతికి రావాలని బొంగురాయనకు కూడా ఉంది. వాడు లోయలో పడ్డ దగ్గర్నుంచీ స్టూడియో నుంచి సరైన పిలుపు రాలేదు. మందుల ప్రకటనలో బొద్దింకకు చెప్పాడు. పిల్లల బొమ్మల్లో దగ్గే కొండకు చెప్పాడు. కొండకైతే దగ్గులే, మాటలు కూడా లేవు.

మెట్లు దిగుతుంటే కింద కొట్లో టైలరు మిషను ఆపాడు.

"గురువుగారూ, స్టూడియోకేనా?"

"కాదు, నిప్పులోయకి."

టైలరు బావమరిది బట్ట కత్తిరిస్తూ కిసుక్కుమన్నాడు. టైలరు బతికాడనే పార్టీ, బావమరిది చచ్చాడనే పార్టీ. ఇద్దరూ మీసాల మీద పందెం కాసుకుని, ఓడినవాడు గొరిగించుకోవాలని ఒప్పందం చేసుకున్నారు. అప్పట్నుంచీ ఒకడు తెప్పించిన టీ ఇంకొకడు ముట్టుకోవడం లేదు.

"ఒక్క ముక్క చెప్పండి చాలు," అన్నాడు టైలరు. "శవం చూపించలేదంటే అర్థమేంటి?"

"శవం వేషానికి ఎవడూ దొరకలేదని."

"అంత నిప్పులో పడ్డవాడు ఎలా బతుకుతాడు సార్?" అన్నాడు బావమరిది. "ఇస్త్రీపెట్టె తగిలితేనే నాకు బొబ్బ లేస్తుంది."

"ఆయన మంత్రగాడు. నీలాగా కాజాలు కుట్టుకునేవాడా?"

"మీ ఇద్దరూ ఇప్పుడే గొరిగించుకోండి. చచ్చినవాడైనా అది చూడ్డానికి లేచొస్తాడు," అని బొంగురాయన ముందుకు నడిచాడు. వెనకాల ఇద్దరూ నవ్వారు. ఈయనకన్నీ తెలుసు, పైకి చెప్పడని వాళ్ళ నమ్మకం. నిజానికి ఆయనకు తెలిసింది గుండుసున్నా. తెర మీద పెదవులు కదిలినంతసేపూ చేతిలో కాగితం చూసి చెప్పడం, అయ్యాక ఇంటికి పోవడం. కథ ఏమిటని ఆయనకెవరూ చెప్పరు. తెలియదని ఒప్పుకోవడం కంటే దాచిపెడుతున్నట్టు కనిపించడం మర్యాదగా ఉంటుందని, ఆ వెధవల ముందు ఆయన గుంభనంగా తిరుగుతున్నాడు. వాళ్ళు వెధవలైతే నేనేమిటని దారిలో ఒకసారి అనిపించకపోలేదు.

స్టూడియో ఎప్పట్లాగే ఐసుపెట్టెలా ఉంది. గోడలకు నల్లటి స్పాంజి, మధ్యలో అద్దం, అద్దానికి అవతల సౌండు ఇంజనీరు, డబ్బింగు మాస్టారు. మాస్టారంటే పాతికేళ్ళ కుర్రవాడే. ఎవరితో మాట్లాడినా కళ్ళు ఫోన్లోనే ఉంటాయి. గొంతులు చెప్పేవాళ్ళకు పిలుపులు చేసే అమ్మాయి వచ్చి బొంగురాయన చేతిలో కాగితం పెట్టింది. ఒకటే కాగితం, దాని మీద ఒకటే డైలాగు.

తెర మీద కోటగోడ, వాన. ఒక కాపలావాడు పరిగెత్తుకొచ్చి రాజు ముందు మోకాళ్ళ మీద పడతాడు. "బతికే ఉన్నాడు ప్రభూ. బూడిదరాజు బతికే ఉన్నాడు. నా కళ్ళతో చూశాను." అనగానే వాడి వీపులో బాణం.

అయితే వాడు తిరిగొస్తాడన్నమాట. బొంగురాయన ముఖంలో మాత్రం చిరాకు తప్ప ఏమీ కనిపించనివ్వలేదు.

"వీడి సంగతి సరే. వాడివి ఎప్పుడు చెప్పాలి?"

మాస్టారు మొదటిసారి ఫోన్లోంచి తల ఎత్తాడు. ఇంజనీరు తన ముందున్న మీటల వైపు చూపు తిప్పుకున్నాడు.

"వాడివి అయిపోయాయి సార్," అన్నాడు మాస్టారు. "ఛానెల్ వాళ్ళు పెద్ద పేరు కావాలన్నారు. హీరోగారు వచ్చి చెప్పి వెళ్ళారు. ఇవాళ సాయంత్రమే ప్రకటన. మీకు చెప్పలేదా ఎవరూ?"

ఆ హీరోను బొంగురాయన ఎరుగును. బనీన్ల ప్రకటన దగ్గర్నుంచి సిమెంటు ప్రకటన దాకా, ఎక్కడ గోడ ఉంటే అక్కడ ఆ ముఖం ఉంటుంది.

"ఆ ఊపిరి ఆయనకి చూపించారా?" అన్నాడు.

"ఏ ఊపిరి సార్?"

ఇన్నేళ్ళు వీడి చెవుల్లోంచి ఆ ఊపిరి వెళ్ళింది. ఎక్కడా ఆగలేదన్నమాట.

"ఏం లేదు. కానివ్వండి," అన్నాడు.

మొదటిసారి చెప్పగానే మాస్టారు నవ్వాడు. "సార్, బూడిదరాజే వచ్చి నేను బతికే ఉన్నానని చెప్పినట్టుంది. కొంచెం సన్నగా, భయంగా చెప్పండి. మామూలు మనిషిలాగా."

బొంగురాయన గడ్డం పైకెత్తి, మెడ నరాలు బిగించి, మాటను ముక్కు దగ్గరికి తెచ్చాడు. ఎంతోసేపు వెతకాల్సి రాలేదు. నాన్న ఎదుట నిలబడి ఎక్కడ తిరిగొచ్చావన్నదానికి జవాబు చెప్పేటప్పుడు వచ్చిన గొంతు ఒకటుంది, పిల్లిపిల్ల గొంతు. అది ఇంకా అక్కడే ఉంది. "బతికే ఉన్నాడు ప్రభూ," అన్నాడు. బాణం తగిలాక "హా" అని చిన్నగా చచ్చిపోయాడు.

"సూపర్ సార్," అన్నాడు మాస్టారు ఫోన్లోకి చూస్తూ.

పిలుపుల అమ్మాయి తలుపు దగ్గర, "రేపు గుంపు అరుపులున్నాయి సార్. జనం పారిపోతూ అరిచేవి. సాయంత్రం ఫోన్ చేసి టైము చెబుతాను," అంది. ఇంజనీరు మెట్ల దాకా వచ్చాడు.

"ముందే చెబుదామనుకున్నానండీ. నోరు రాలేదు."

"నీకు నోరెందుకయ్యా. చెవులున్నాయి, అవైనా కాపాడుకో."

బస్సులో నిలబడ్డచోట పక్క సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు ఆ చేతితొడుగు గొడవలోనే ఉన్నారు. అది ఎడమచేతిదని ఒకమ్మాయి, కుడిచేతిదని ఒకమ్మాయి. "ఏ చెయ్యయితే ఏంటి, వాడి గొంతు వింటే చాలు, నాకు ఒళ్ళంతా వణుకు," అంది మొదటమ్మాయి. దిగాల్సిన చోటు వచ్చింది. వాళ్ళ సంచి దారికి అడ్డంగా ఉంది.

"కొంచెం ఇది జరపండమ్మా," అన్నాడు బొంగురాయన, తన మామూలు గొంతుతోనే.

ఆ అమ్మాయి తల తిప్పకుండా సంచి లాక్కుంది. వణకలేదు.

ఇంటికి వచ్చేసరికి అక్క కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుని కూర్చుంది. ప్రకటన వస్తుందని టైలరు చెప్పి వెళ్ళాడట.

"ఏం చెప్పించారురా?"

"వాడు చచ్చాడు."

"చచ్చినవాడికి నిన్నెందుకు పిలిచారు?"

"ఆ మాట చెప్పడానికే."

అక్క టీవీ సౌండు పెంచింది. చెప్పినట్టే ప్రకటన వచ్చింది. నిప్పులోయ, పొగ, బూడిదలోంచి లేచిన ఒక చెయ్యి. ఆ వెంటనే ఇనుప తొడుగు తెరంతా నిండి, "నేను తిరిగొచ్చాను" అని గది దద్దరిల్లేలా అరిచింది. కింద కొట్లోంచి టైలరు కేక పైకి వినిపించింది. పాపం బావమరిది మీసం పోయింది.

అక్క కళ్ళు మూసుకుని వింటోంది, ఎక్స్ఛేంజిలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చున్నప్పటిలాగా.

"ఎవడ్రా వీడు? ఊపిరి తియ్యకుండానే అరుస్తున్నాడు."

"సినిమా హీరో."

ప్రకటన ఇంకా అవలేదు. అక్క లేచి టీవీ కట్టేసింది. కుర్చీ దాని చోటికి లాగి, దాని మీది దుప్పటి సర్దింది.

"నువ్వన్నదే నిజం," అంది చివరికి. "చచ్చాడు. ఇతనెవడో వేరే."

"నేను అబద్ధం చెప్పానక్కా."

"చెప్పలేదు. నాకు తెలీదా? ఇన్నాళ్ళకి పోయాడు. పోనీలే."

కింద బావమరిదిని మంగలి దగ్గరికి లాక్కెళుతున్న సందడి వీధిలోకి వెళ్ళి తగ్గిపోయింది. అప్పుడే ఫోను మోగింది. పిలుపుల అమ్మాయి. ఆయన మోగనిచ్చి మోగనిచ్చి తీశాడు. గడ్డం పైకెత్తి, మెడ నరాలు బిగించాడు.

"హలోండీ," అన్నాడు పిల్లిపిల్ల గొంతుతో.

"సార్ ఉన్నారాండీ? రేపు గుంపు అరుపుల గురించి."

"లేరండీ."

"ఎప్పుడొస్తారు?"

"పోయారండీ."

"అయ్యో. పొద్దున బాగానే ఉన్నారు కదండీ. ఎప్పుడు?"

"మధ్యాహ్నం. స్టూడియో నుంచి వస్తూనే."

"అయ్యో," అంది మళ్ళీ. బాధగానే అంది. తర్వాత ఫోను కట్టెయ్యడం మర్చిపోయి పక్కవాళ్ళతో మాట్లాడింది. "సార్ పోయారంట. రేపటికి ఇంకెవరినైనా చూడనా?" దూరం నుంచి మాస్టారి గొంతు, "ఎవరూ? ఆ బొంగురాయనా? అయ్యయ్యో. చూడు, చూడు, పదింటికల్లా కావాలి," అంది. కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో నవ్విన చప్పుడు. నవ్వింది వేరే దేనికో అయుంటుంది. బొంగురాయన అవతల లైను దానంతటది తెగేదాకా చెవి దగ్గరే పెట్టుకుని విన్నాడు.

"ఎవర్రా పోయింది?" అంది అక్క వంటగదిలోంచి.

"నేనే."

అక్క గుమ్మంలోకి వచ్చి తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "ఆ సన్నగొంతు ఎక్కడ దొరికింది నీకు? చిన్నప్పటిది."

"ఎక్కడా పోలేదు. లోపలే పడి ఉంది."

"సరే. పోయినవాళ్ళు అన్నం తింటారా, మానేస్తారా?"

"తింటారు. ఆకలిగానే ఉంది."

ఇద్దరూ తిన్నారు. గిన్నెలు ఆయనే కడిగాడు.

స్టూడియో నుంచి మళ్ళీ ఫోను రాలేదు. పోయినవాడికి ఎవరు చేస్తారు? పరామర్శకు వెళ్దామని మాస్టారు రెండుసార్లు అన్నాడు గానీ, ఇల్లు ఎక్కడో ఎవరికీ తెలియలేదు. బొంగురాయన సందుచివర బొమ్మల కొట్లో కూర్చుని, పాడైన ఆటబొమ్మలు బాగుచేసే పనిలో కుదురుకున్నాడు. అక్కడ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కర్లేదు. ఆ మధ్య ఆయన బస్సు దిగుతుండగా చూశానని స్టూడియోలో ఎవరో అన్నారట. చచ్చాడు కదా అని ఒకరు, చూశానంటున్నాగా అని ఒకరు కాసేపు వాదించుకున్నారు. తేల్చమని ఇంజనీరును అడిగితే, తనకు పనుందని లోపలికి వెళ్ళిపోయాడు.

మైకు అందక ఆయన కాళ్ళ కింద వేసుకునే చెక్కపీట మాత్రం రికార్డింగు గదిలోనే ఉండిపోయింది. తర్వాత వచ్చినవాళ్ళెవరికీ దాని అవసరం పడలేదు. కాలికి తగిలినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని గోడవారకి నెట్టేవారు. రెండు అరికాళ్ళ మేర రంగు అరిగిపోయి, అక్కడ చెక్క నున్నగా, కాస్త గుంటపడి, దీపం వేసినప్పుడు మెరిసేది.