ఆర్యభటుని గడ్డం, స్టేడియం గడ్డి

నెల రోజుల సంది మాలతి ఇంట్ల మొగుడు లేడు, ఆర్యభటుడే ఉన్నడు. ఖతర్ దేశంల అల్ హిలాల్ బస్తీ‌ల వాళ్లకున్నదే ఒక రూము, ఒక వంటిల్లు. దాంట్లనే దూది గడ్డం అంటించుకొని అటు ఇటు తిరుగుతడు తిరుమల్. తెలుగోళ్ల సంఘం శుక్రవారం వేసే నాటకంల వేషం దొరికిందాయె, మనిషి నేల మీద నిలుస్తలేడు.

"పడవల పోయేటోనికి ఒడ్డే వెనక్కి పోయినట్టు కనబడ్తది. గట్లనే తిరిగేది భూమి, చుక్కలు కావు!" అని గరిటె పట్టుకొని గర్జిస్తడు.

ఆ మహానుభావుడు ఇరవై మూడేండ్లకే పుస్తకం రాసినోడట. గ్రహణమంటే నీడ, మింగేటోడు ఎవడూ లేడన్నడట. వెనకొచ్చిన పండితులు తిట్టిపోసిండ్రట. ఆ తిట్లకాడికి రాంగనే తిరుమల్ కండ్లల్ల నీళ్లు, తననే తిట్టినట్టు.

మాలతికి ఆరో నెల. కడుపుతోనే షుగర్ వచ్చింది, సూది వేసుకుంటది. "వేళకు తినకుంటే పడిపోతవమ్మా, బిడ్డకూ మంచిది కాదు" అని డాక్టరమ్మ గట్టిగ చెప్పింది. అప్పుడు తిరుమల్ పక్కనే ఉన్నడు, తల గూడ ఊపిండు.

గురువారం తెల్లారంగనే సూర్యగ్రహణం. ముందటి దినం జగిత్యాల నుంచి అత్త బాలవ్వ ఫోన్ చేసింది.

"కొడుకా, దుబాయ్‌ల గూడ పడ్తదట గద! కోడలు కదలొద్దు, ముద్ద ముట్టొద్దు. తినేటియన్నిట్ల గరిక వెయ్యి."

"అమ్మా, ఇది ఖతర్."

"ఏదైతేంది, సూర్యుడు ఒక్కడే గద!"

ఆ దినం ఆ ఇంట్ల వినబడ్డ శాస్త్రం అదొక్కటే.

ఎడారిల గరిక యాడిది? తిరుమల్ డ్యూటీ, ఫుట్‌బాల్ పండుగకు కడుతున్న స్టేడియంల పచ్చిక పెంచుడు. మనుషులు క్యాంపుల ఉడుకుతుంటే ఆ గడ్డికి మాత్రం చల్లగాలి. దాని మీద చెప్పు పెడితే సూపర్‌వైజర్ గయాజ్ భాయ్, మన దిక్కోడే అయినా, ప్రాణం తీస్తడు. అసోంటి గడ్డిని పిడికెడు పీకి, టిఫిన్ డబ్బాల దాచుకొచ్చిండు మన ఆర్యభటుడు. తొక్కు జాడీల, దోసె పిండిల, పెరుగుల, ఆఖరికి జామ్ సీసాల గూడ ఒక్కో గడ్డి పోస పెట్టిండు.

తెల్లారింది. డ్యూటీకి సెలవు పెట్టి, పరదాలు మూసి, సందులల్ల తువ్వాళ్లు కుక్కి కూసున్నడు. రాత్రి నుంచి తిండి లేక మాలతికి చేతులు వణుకుతున్నయి, చెమటలు పోస్తున్నయి.

"ఇంత పెరుగన్నమన్న తింట."

"గ్రహణం విడువనీ. తానం చేసి తిందువు."

"నీడే అన్నవు గద! మింగేటోడు లేడన్నవు గద!"

"అది స్టేజీ మీద!"

"నా బిడ్డ స్టేజీ మీద లేదు, నా కడుపుల ఉన్నది."

గోడ పట్టుకొని లేచింది. ఫ్రిజ్ తెరిచింది. పెరుగుల గడ్డి పోస పీకి మొగని ఒళ్లె వేసి, వాని ముందటనే కూసోని గిన్నె ఖాళీ చేసింది. తిరుమల్ కండ్లు మూసుకున్నడు. సూర్యుడు తన వేళకు తాను బయటికొచ్చిండు, తిరుమల్ మూతి మాత్రం తెల్లారి దాక సొట్టనే ఉన్నది.

శుక్రవారం హాలు నిండింది. ముందు వరుసల గయాజ్ భాయ్, ఆయన భార్య షహనాజ్, వాళ్ల పక్కన మాలతి. తిరుమల్ గడ్డం సవరించుకొని ఉరిమిండు.

"రాహువట! యాడున్నడయ్యా ఆ రాహువు? చూసినోళ్లుంటే చెప్పుండ్రి!"

నాటకంల దీనికి జవాబు లేదు. మాలతి లేచింది.

"మా ఫ్రిజ్‌ల ఉన్నడు! స్టేడియం గడ్డి కప్పుకొని, పెరుగు గిన్నెల!"

హాలు గొల్లుమన్నది. అందరికంటే గట్టిగ నవ్వింది గయాజ్ భాయే. సగంల ఆగి, "ఏ తిరుమల్, కౌన్సా గడ్డి రే?" అన్నడు.

ఆర్యభటుని గడ్డం ఒక దిక్కు జారింది. భూమి తిరుగుతదని చెప్పాల్సినోడు తానే పరదా దిక్కు తిరిగిండు. మాలతి కూసున్నది, షహనాజ్ ఇచ్చిన సమోసా అందుకున్నది. తినే వేళ అయింది మరి.