ఆకుపచ్చ తలుపు

గీతల మాస్టారి కోడలు ఆ పొద్దున కూడా వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో కుట్టు హాలు గీసింది. ముందు నాలుగు గోడలు, తర్వాత మిషన్ల వరసలు, ఆఖరున వెనక గోడకి పక్కపక్కనే రెండు తలుపులు. వాటి ముందు గొంతుక్కూర్చుని, "కుడి అనే కదా అనాలి? ఎడమ అని ఎందుకన్నాను మామయ్యా?" అంది. పొగ పట్టేసిన గొంతు, బొంగురు ఇంకా తగ్గలేదు.

మాస్టారు టీ గ్లాసు పట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. ఇరవై రెండు రోజులుగా అదే ప్రశ్న, అదే కిటికీ. ఏం మనిషండీ! జవాబు ఆయన నాలుక చివరే ఉంది. దాన్ని టీతో పాటు మింగేస్తున్నాడు.

ఆయన ముప్ఫై ఏళ్ళు బడిలో డ్రాయింగు చెప్పాడు. తరగతిలో అడుగు పెట్టగానే బోర్డు మీద ఒక గీత లాగి, "ఇది నడుస్తోందా, నిద్రపోతోందా?" అని అడిగేవాడు. దాంతో పిల్లలు గీతల మాస్టారని పేరు పెట్టేశారు. గీత, ఆకారం, రంగు, వెలుగునీడ, ఖాళీ, ఇవన్నీ సరుకులర్రా అనేవాడు. సమతూకం, లయ, దేన్ని ముందు చూపించాలో దాన్నే ముందు చూపించడం, ఇదంతా వంట. సరుకులెన్ని ఉన్నా వండటం రాకపోతే పస్తే. బొమ్మలో ఒక్కటే అరవాలి, మిగతావన్నీ నోరు మూసుకోవాలి. బొమ్మ ఒక పక్కకి ఒరిగిందంటే మాస్టారికి ఒళ్ళు మండిపోయేది. ఎంత బాగా గీసిన పిల్లాడికైనా సున్నా చుట్టి చేతిలో పెట్టేవాడు.

కోడలు పనిచేసే బట్టల ఫ్యాక్టరీ వాళ్ళు, మంటలొస్తే ఎటు పోవాలో చూపించే చార్టు వేయించాలనుకున్నారు. "మా మామగారు ఉండగా ఇంకెవరో ఎందుకండీ!" అని సూపర్‌వైజరు దగ్గర ఎగిరి గంతేసింది కోడలే. మాస్టారు టేపు పట్టుకుని వెళ్ళి, ఒక రోజంతా హాలు కొలిచాడు. కొలతల కాగితంలో వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాత ఇంట్లో కూర్చుని అసలు బొమ్మ వేశాడు చూడండి, అక్కడ మునిగింది పుట్టి.

వెనక గోడకి కుడి చివర మెట్ల తలుపు. దానికి ఎడమ పక్కనే, కత్తిరించిన గుడ్డముక్కలు పోసే గది తలుపు. ముందు మెట్లు కూడా కుడివైపే ఉన్నాయి. బరువంతా కుడికి పడి, ఎడమ పక్క బోసిపోయింది. మాస్టారు కాగితాన్ని గోడకి ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు. ఛీ, ఒరిగిపోయింది అనుకున్నాడు. ముక్కల గదితో ఎవరికేం పనిలే అని ఆ తలుపుని చెరిపేశాడు. మెట్ల తలుపుని రెండు వేళ్ళ మందం ఎడమకి జరిపాడు. అంటే సరిగ్గా ముక్కల గది తలుపుండే చోటికి. దానికి నిండుగా ఆకుపచ్చ పూశాడు. అమ్మయ్య, ఇప్పుడు నిలబడింది అనుకున్నాడు.

తాపీమేస్త్రీ అయితే చచ్చినా తలుపు జరపడు. కుట్టుపనివాడు గుండీ రంధ్రం జరపడు. బొమ్మలేసేవాడికి తప్ప ఇంకెవరికీ పుట్టని బుద్ధి అది. ఇది మనుషులు నడిచే దారి అన్న సంగతి ఆయనకి ఆ గంటలో తట్టనే లేదు.

చార్టు చూసి ఫ్యాక్టరీలో అందరూ ఆహా అన్నారు. టేపు పెట్టి సరిచూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. చిన్న కాపీలు అచ్చు వేసి తలా ఒకటి పంచారు. కోడలి కాళ్ళు నేల మీద నిలవలేదు.

కొన్ని నెలలకి ఒక మధ్యాహ్నం తిండి తిని మిషన్ల ముందు కూర్చోగానే, ముందు మెట్ల దగ్గర నిప్పంటుకుంది. చూస్తుండగానే హాలంతా పొగ. వెనక మెట్లు ఎవరూ ఎన్నడూ ఎక్కి దిగినవి కావు, ముక్కల గదిలోకి ఊడ్చేవాళ్ళు తప్ప ఎవరూ వెళ్ళేవారు కాదు. రెండు తలుపులకీ ఒకటే బూడిద రంగు. ఎవరో "కుడి, కుడి" అన్నారట. "కాదు, ఎడమ! మా మామయ్య వేసిన బొమ్మ, నాకు కంఠతా వచ్చు, అటే పొండి" అని కోడలు అరిచి, చేతికి అందినవాళ్ళని అందినట్టు ముందుకి తోసింది. ఏడుగురు లోపలికి వెళ్ళారు. ఇంకా ఎవరైనా వస్తారేమోనని ఆమె గుమ్మంలో ఆగింది కాబట్టి ఫైరు వాళ్ళ చేతికి చిక్కింది. ఆ ఏడుగురూ గుడ్డముక్కల గుట్ట మీద, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దొరికారు.

హాల్లో చార్టు కాలిపోయింది. ఇంట్లో ఉన్న కాపీని మాస్టారే ట్రంకుపెట్టె అడుగున దాచేశాడు. ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరవగానే కోడలు అడిగిన మొదటి మాట, "చార్టులో కుడే ఉంది కదూ? నేనే తప్పు గుర్తు పెట్టుకున్నాను కదూ?" అని. మాస్టారు తల ఊపాడు. ఆ ఊపిన తలని ఏం చెయ్యాలో ఆయనకి ఇప్పటికీ తెలియదు. కొడుకు లారీ తోలతాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. తిన్నావా అని అడిగే ప్రాణి ఈ పిల్ల ఒక్కతే. నిజం తెలిస్తే మళ్ళీ ఈ మొహం చూస్తుందా? అదీ ఆయన భయం. సిగ్గులేని భయం.

కోడలు సుద్దముక్క పక్కన పెట్టి లేచింది.

"ఇవాళ ఆ ఏడిళ్ళకీ వెళ్తాను మామయ్యా. మీవాళ్ళని చంపింది నేనేనని చెప్తాను. తిడితే పడతాను. మీరు కాస్త తోడు రండి."

అంటూనే చెప్పులు వేసుకుంటోంది. మాస్టారు టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఇంకెన్నాళ్ళు మింగుతాడు! లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తీశాడు. కొలతల కాగితాన్నీ, అచ్చు కాపీనీ తెచ్చి, గచ్చు మీద ఆమె గీసిన హాలు పక్కన పరిచాడు.

కోడలు వంగి చూసింది. రోజుకి రెండొందల జేబులు కుట్టిన కళ్ళు, టేపుతో పని లేదు. ఒక వేలు కొలతల్లోని మెట్ల తలుపు మీద, ఇంకో వేలు ఆకుపచ్చ తలుపు మీద పెట్టింది. చాలాసేపు రెండు వేళ్ళూ తియ్యలేదు.

"ఎందుకు?" అంది.

"బొమ్మ ఒరిగిపోయిందమ్మా. బాగా లేదని..."

"బాగా లేదని," అంది కోడలు. "ఆస్పత్రిలో అడిగాను కదా. తల ఊపారు కదా."

మాస్టారు గోడకి ఆనుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. ఆయన చెప్పుల జత తెచ్చి కాళ్ళ ముందు పడేసింది.

"లేవండి. ఏడిళ్ళున్నాయి. చెప్పేది మీరు."

మొదటి ఇల్లు రెండు వీధుల అవతల, గుండీలు కుట్టే పిల్లది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. తల్లి తలుపు తీసి, మాస్టారిని గుర్తుపట్టి, "రండి, లోపలికి రండి" అని కుర్చీ లాగింది. ఆయన కూర్చోలేదు. ఎదురు గోడకి, నాలుగు మూలలా మేకులు కొట్టి, ఆయన వేసిన చార్టు కాపీ తగిలించి ఉంది.

"మా పిల్లే పెట్టిందండీ," అంది తల్లి. "అన్నీ తీసేశాను, దీన్ని మాత్రం తియ్యబుద్ధి కాలేదు." అరచేత్తో దాని మీద దుమ్ము తుడిచింది.

గుమ్మం దగ్గర నుంచి చూసినా బొమ్మ ఎటూ ఒరగలేదు. ఛీ, అంత చక్కగా ఉంది. కోడలు ఆయన పక్కనే నిలబడి నేల చూస్తోంది.

"అమ్మా, అది తప్పు బొమ్మ," అన్నాడు మాస్టారు. "ఆ తలుపు అక్కడ లేదు. అందం కోసం జరిపాను. మా కోడలి తప్పేం లేదు. నేనే."

తల్లి చెయ్యి ఇంకా బొమ్మ మీదే ఉంది.

"మరి మా పిల్ల రోజూ దీన్ని చూస్తూనే అన్నం తినేదండీ," అంది.